రోజూ సాయంత్రం “బండి టైమైంది” అంటున్న అమ్మకు ఏమని చెప్పాలి?

తెనాలి ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 79 ఏళ్ళు. అల్జీమర్స్ అని డాక్టరు తేల్చి నాలుగేళ్ళు కావస్తోంది. అంతకు ముందు రెండేళ్ళపాటు మేమందరం దానిని చాదస్తమనే అనుకున్నాము. గత ఆగస్టులో హైదరాబాదు శివార్లలో, డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్నవారిని మాత్రమే చూసుకునే ఒక హోంలో చేర్పించాము. అంతవరకు కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లోనే ఉండేది. రెండుసార్లు ఎవరికీ చెప్పకుండా లిఫ్టు దిగి వెళ్ళిపోయింది. రెండోసారి మెట్రో స్టేషను మెట్ల దగ్గర, కాళ్ళకు చెప్పులు లేకుండా దొరికింది. స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి మరిచిపోయిన రోజున మావారు ఏదో పనిమీద మధ్యాహ్నమే ఇంటికి రావడం వల్ల గండం గడిచింది. పగలు చూసుకోవడానికి పెట్టుకున్న అమ్మాయిలు ఆరు నెలల్లో ముగ్గురు మారారు. చేర్పించక తప్పలేదని నాకు తెలుసు కనుక దాని గురించి అడగడం లేదు.

అమ్మ రేపల్లె రైలు లైనులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 26 ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసింది. మా కాపురం తెనాలిలో. పొద్దున బండికి వేమూరు మీదుగా భట్టిప్రోలు వైపు వెళ్ళి, సాయంత్రం రేపల్లె నుంచి వచ్చే పాసింజరుకు తిరిగి వచ్చేది. ఆ బండి తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది. ఇప్పుడు హోంలో నాలుగున్నర దాటితే చాలు, చేతిసంచి సర్దుకుంటుంది. ఒకరోజు విప్పి చూశాను. మడత పెట్టిన తువ్వాలు, ఖాళీ కళ్ళజోడు పెట్టె, కాగితంలో చుట్టిన రెండు మారీ బిస్కట్లు ఉన్నాయి. కుచ్చెళ్ళు సవరించుకుని గేటు దాకా వచ్చి, “బండి టైమైంది, తలుపు తియ్యి నాయనా” అని వాచ్‌మన్‌ను అడుగుతుంది. మొదట మర్యాదగా అడుగుతుంది, తరువాత క్లాసులో అరిచే గొంతుతో అడుగుతుంది, చివరికి ఏడుస్తుంది. ఏడున్నర ప్రాంతంలో అలసిపోయి అన్నానికి కూర్చుంటుంది. వారంలో నాలుగు రోజులైనా ఇదే వరస అని హోంవారు చెబుతున్నారు, నేను వెళ్ళిన ఆదివారాలన్నింటిలోనూ ఇదే చూశాను.

“అమ్మా, నువ్వు రిటైరై 21 ఏళ్ళయింది” అని చెప్పి చూశాను. బోర్డు దగ్గర తప్పు లెక్క చేసిన పిల్లను చూసినట్టు చూసింది. తెనాలి ఇల్లు అమ్మేశామని ఒకసారి నోరు జారాను, ఆ రాత్రంతా భోజనం చెయ్యలేదు. మరునాడు ఆ సంగతి మరిచిపోయింది కాని దిగులు మాత్రం దిగలేదు. హోంలో అమ్మాయిలు “రేపు వెళుదురు గాని” అంటారు. వాళ్ళలో చాలామంది ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్ళు, మంచి పిల్లలే; వాళ్ళ తెలుగు ఆ నాలుగు మాటలకే సరి. ఆ మాట నాకు అబద్ధంలా తోస్తుంది. లెక్కల టీచరుకు రోజూ అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు, సంక్రాంతికి మూడు రోజులు అమ్మను ఇంటికి తీసుకువెళ్ళమని పట్టుబడుతున్నాడు. తను వీడియో కాల్‌లో కనిపించి ఇంటిల్లిపాదితో గడపాలని వాడి కోరిక. పోయిన నెల అదే వీడియో కాల్‌లో వాడిని చూసి, “ఎవరమ్మా ఈ పెద్దాయన, మర్యాదస్తుడిలా ఉన్నాడు” అని అమ్మ అడిగింది. వాడు నవ్వేశాడు, ఫోను పెట్టేశాక నాకు మళ్ళీ చేసి ఏడ్చాడు.

సాయంత్రాలు అమ్మకు ఏమని జవాబు చెప్పాలి? పండక్కి తీసుకురావడం మంచిదా, కాదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పెద్దరికం:

మా కాలంలో తల్లిదండ్రులకు మతి తప్పినా నడవలో మంచం వేసి ఇంట్లోనే చూసుకున్నాము. ఇప్పుడు డబ్బులు కట్టి చేతులు దులుపుకోవడం ఫ్యాషనైపోయింది. కన్నవారిని ఇలా వదిలిపెట్టడం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం నేరమని కూడా తెలుసుకుంటే మంచిది. ఇంటికి తీసుకువెళితే “ఇంటికి వెళతాను” అనే మాటే రాదు.

నైట్ డ్యూటీ సిస్టర్:

నేను 11 ఏళ్ళుగా ఇలాంటి హోంలలో నర్సుగా పనిచేస్తున్నాను. పైన పెద్దాయన చివర అన్న మాటతో మొదలుపెడతాను. సొంత ఇంట్లో, సొంత మంచం మీద కూర్చుని “ఇంటికి వెళతాను” అన్నవారిని ఎంతోమందిని చూశాను. తాను కట్టించుకున్న ఇంటి గుమ్మంలో నిలబడి, “ఈ ఇంటివాళ్ళు మంచివాళ్ళే కాని, మనం ఇక బయలుదేరదాం” అన్న మామ్మగారు ఉన్నారు. మీ అమ్మగారు కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు లిఫ్టు దిగి వెళ్ళింది కూడా బండి కోసమే అయి ఉంటుంది.

సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ప్రతి హోంలోనూ గడ్డు వేళే. వెలుతురు తగ్గి నీడలు పొడుగవుతాయి. ఎవరు ఎవరో, ఏ తలుపు ఎక్కడికో పోల్చుకోవడానికి పొద్దుటి నుంచి పాటుపడిన మెదడు అప్పటికి అలసిపోతుంది. దానికి తోడు మాలో చాలామంది ఏళ్ళ తరబడి గమనించని సంగతి ఒకటి ఉంది. సరిగ్గా అదే వేళకు ఆఫీసువాళ్ళు, ఫిజియోథెరపీ అమ్మాయి, పగటి వంటమనిషి సంచులు భుజాన వేసుకుని, “వెళ్ళొస్తామండీ” అని అందరికీ చెప్పి మరీ గేటు దాటుతారు. తోటివారందరూ సంచులు తీసుకుని ఇంటికి పోతుంటే, 26 ఏళ్ళు అదే పని చేసిన టీచరుగారు మాత్రం ఎందుకు కూర్చుంటారు? ఇది అర్థమయ్యాక మా హోంలో సిబ్బందిని వెనుక గేటు నుంచి పంపుతున్నాము, చీకటి పడకముందే లైట్లన్నీ వేస్తున్నాము, నాలుగింటికే టీతో పాటు ఏదో ఒకటి తినడానికి పెడుతున్నాము. గొడవ పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. మీ అమ్మగారి హోంలో ఆ వేళ గేటు దగ్గర ఎవరెవరు తిరుగుతున్నారో ఒకసారి చూడండి.

నిజం చెప్పాలా, అబద్ధం చెప్పాలా అన్న ప్రశ్నకు ముందు మీరే ఆమెను ఒక ప్రశ్న అడగాలని నా అభిప్రాయం. “ఎందుకు వెళ్ళాలి” అంటే వాదనవుతుంది. “ఇంట్లో ఎవరున్నారు, ఎవరు ఎదురుచూస్తుంటారు” అని అడగండి. మా దగ్గర ఒక తాతగారు రోజూ పొలానికి పోవాలని పట్టుబట్టేవారు. ఆరా తీస్తే, గేదె కుడితి తాగలేదన్నది ఆయన దిగులు. “తాగింది తాతగారూ, పాలేరు పెట్టాడు” అంటే “అట్లాగా” అని చతికిలబడేవారు. పోయినవారి సంగతి మాత్రం ఎప్పుడూ గుర్తు చేయకండి. సొంతవారు పోయారని విన్న ప్రతిసారీ వారికి అది మొదటిసారి విన్న కబురే.

ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లోనే గందరగోళం ఎక్కువైతే జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, నీళ్ళు చాలకపోవడమో, పంటి నొప్పో ఉండవచ్చు. నొప్పి అని చెప్పే మాట దొరకనివారు కూడా ఇంటికి పోతాననే అంటారు.

చీర సంగతి కూడా చెప్పాలి. డైపరు మార్చడానికి సులువని హోంలలో నైటీ వేస్తారు. జీవితమంతా చీర కట్టిన ఆడవాళ్ళు నైటీలో హాలులోకి రావడానికి సిగ్గుపడి మంచం దిగరు, మేము దానిని మొండితనమని రాసుకుంటాము. నైటీ మీద ఒక పలచటి తువ్వాలు పైటలాగా భుజం మీద వేసి చూడండి, చెయ్యి దానంతట అదే దానిని సవరించుకుంటుంది, మనిషి లేచి వస్తుంది. స్నానానికి తల మీద నుంచి నీళ్ళు పోస్తే భయపడతారు, పాదాల నుంచి మొదలుపెట్టాలి. ఇలాంటివి ఆ ఒడియా పిల్లలకు ఎవరూ చెప్పరు. అమ్మగారు వాడే మాటలు, “కాళ్ళు కడుక్కుందామా”, “పెరుగన్నం కలపనా” లాంటివి, ఒక ఇరవై వాళ్ళకు వచ్చిన లిపిలో రాసి ఇవ్వండి. టీచర్లకు పాత పరీక్ష పేపర్లు, ఎర్ర పెన్ను ఇచ్చి దిద్దమంటే గంటసేపు కదలకుండా కూర్చుంటారు, అది కూడా ప్రయత్నించండి.

ఓరుగల్లు చిన్నోడు:

సిస్టర్ గారు చెప్పిన వాటితో ఏకీభవిస్తూనే, మా బాపు విషయంలో జరిగినది రాస్తున్నాను. హోంవారు “ఇప్పుడు అమ్మగారు చాలా ప్రశాంతంగా ఉంటున్నారు” అని ఒక ఆదివారం మీకు చెబితే సంతోషించే ముందు మందుల కాగితం అడగండి.

మా బాపుకు రాత్రిళ్ళు గది మూలలో చిన్నపిల్లలు కూర్చున్నట్టు కనిపించేది. వాళ్ళకు అన్నం పెట్టమని మమ్మల్ని లేపేవాడు. భయపడేవాడు కాదు, పెట్టలేదని మామీద కోప్పడేవాడు. హోంలో చేర్చిన కొంతకాలానికి, రాత్రి కేకలు వేస్తున్నాడని అక్కడికి వచ్చే డాక్టరు హాలోపెరిడాల్ అనే మానసిక రోగాల మందు మొదలుపెట్టారు. మాకు ఎవరూ చెప్పలేదు. పది రోజుల తరువాత వెళ్ళి చూస్తే మనిషి కొయ్యబారి ఉన్నాడు, ముఖంలో కదలిక లేదు, చొంగ కారుతోంది. పక్కనున్న అటెండరు, “ఇప్పుడు ఏ అల్లరీ లేదు సార్” అన్నాడు. ఆ వారంలోనే బాత్‌రూములో పడి తుంటి విరిగింది. ఆపరేషను చేయించాము కాని మళ్ళీ నడవలేదు. తరువాత చూసిన న్యూరాలజిస్టు, అది లూయీ బాడీ డిమెన్షియా అని, ఆ రకం ఉన్నవారికి ఈ జాతి మందులు విషంతో సమానమని చెప్పారు. లేని మనుషులు స్పష్టంగా కనిపించడం దాని ముఖ్యమైన గుర్తు అట. ఏ రకం డిమెన్షియా అయినా, ముసలివారిలో ఈ మందులు మరణాలను పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో ఈ జాతిలోని కొత్త మందుల మీద, 2008లో హాలోపెరిడాల్ లాంటి పాత మందుల మీద హెచ్చరిక వేయించింది. తప్పనిసరి పరిస్థితుల్లో, తక్కువ మోతాదులో, కొద్ది రోజులు వాడవలసి రావచ్చు, కాదనను. ఇంట్లోవారికి చెప్పి వాడాలి. కొత్త మందు ఏది మొదలుపెట్టినా ఆ రోజే ఫోను చేసి పేరు చెప్పాలని చేర్చేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. నేను ఏసీ గదులు, గార్డెన్ చూసి సంతకం పెట్టాను. రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉంటాడని అడగలేదు.

ఇక పండగ సంగతి. తుంటి విరగడానికి ముందు, హోంలో చేర్చిన తొలి ఉగాదికి, బాపును హన్మకొండలో ఇంటికి తెచ్చాము. పగలు బాగానే ఉన్నాడు, పచ్చడి తిని పులుపెక్కువైందన్నాడు. రాత్రి బాత్‌రూము ఎటో తెలియక దేవుడి గదిలో మూత్రం పోశాడు. మా వదిన కసిరింది, అందులో ఆమె తప్పు కూడా లేదు. పసివాడిలా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తిరిగి హోంకు వెళ్ళాక పది పన్నెండు రోజులు కొత్తగా చేరినవాడిలా ఏడ్చాడు. కనుక మూడు రోజులు తెచ్చి పెట్టుకోవడం వద్దనే నా సలహా; అరిసెలు, జంతికలు తీసుకుని మీరే పొద్దున వెళ్ళి చీకటి పడకముందు రండి. అయినా ఒక మాట దాచను. ఆ ఉగాది రోజున వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి, మొదలు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నాడు. అది లేకుండా పోవలసిందని మాత్రం నాకు అనిపించడం లేదు.

పెద్దాయనా, నడవలో మంచం వేసిన కాలంలో ఇంట్లో పది మంది ఉండేవారు, మతి తప్పినవారు ఆ స్థితిలో ఇన్నేళ్ళు బతికేవారు కూడా కాదు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్టు 2023లో వెలువడిన అంచనా. వీళ్ళందరికీ నడవలు ఎక్కడివి?

పాత క్యాషియర్:

నాకు 74 ఏళ్ళు. బ్యాంకులో హెడ్ క్యాషియరుగా రిటైరయ్యాను. అల్జీమర్స్ తొలి దశ అని రెండేళ్ళ క్రితం చెప్పారు. భార్య పోయింది, కొడుకు కెనడాలో ఉన్నాడు. నా అంతట నేనే చూసుకుని ఒక హోంలో చేరాను. ఇది మూడు రోజులపాటు నేను చెబుతుంటే మా మేనకోడలు టైపు చేసింది. చెప్పినది మళ్ళీ చెప్పిన చోట్ల కొట్టివెయ్యమన్నాను. ఇక్కడ అందరూ మా గురించి రాస్తున్నారు కనుక, లోపలి నుంచి ఒకరు రాయడం అవసరమనిపించింది.

మొదట చట్టం సంగతి, ఎందుకంటే అది ఇంకా నాకు నోటికి వస్తుంది. 2007 చట్టంలోని 24వ సెక్షను, పెద్దలను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో విడిచిపెట్టినవారికి 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా అంటుంది. నెల నెలా డబ్బు కట్టి, ప్రతి ఆదివారం వచ్చి, సంచి విప్పి చూసుకునే కూతురికి అది వర్తించదు.

ఇప్పుడు నా సంగతి. మా అంతస్తులో 12 తలుపులు, అన్నీ ఒకే రంగు. మొదటి నెలలో ఇంకొకరి మంచం మీద పడుకుని దొంగననిపించుకున్నాను. నా తలుపుకు ఎర్ర రుమాలు కట్టుకున్నాను. సిబ్బంది నా ఈనాటి ఫొటో అంటిస్తే అది ఎవరో ముసలాయన గది అనుకుని దాటిపోయేవాడిని; బ్యాంకులో చేరిన కొత్తలో తీయించుకున్న ఫొటో పెట్టిన తరువాత తప్పడం లేదు. ఉదయం అద్దంలో కనిపించేవాడిని పోల్చుకోవడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో భయం ఉండదు, మొహమాటం ఉంటుంది. తెలిసిన మనిషే, పేరు గుర్తురాలేదు అన్నట్టు.

వంద నోట్ల కట్టను బొటనవేలితో, చూడకుండా, మాట్లాడుతూ లెక్కపెట్టినవాడిని. ఇప్పుడు నలభై దాటాక అంకె జారిపోతుంది, వేలు మాత్రం ఆగదు. అంకె లేకుండా వేలు నడవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఇది చూసి ఇక్కడ ఒక అమ్మాయి నోట్ల సైజులో కత్తిరించిన తెల్ల కాగితాల కట్ట తెచ్చి “లెక్కపెట్టండి తాతగారూ” అంది. ప్రేమతోనే తెచ్చింది. నేను పుచ్చుకోలేదు. సిస్టర్ గారు మన్నించాలి, చిత్తు పేపర్లు ఇచ్చి దిద్దమనడం కూడా నాకు అలాంటిదే అనిపించింది. జబ్బు ముదిరినవారి సంగతి నాకు తెలియదు, రేపు నేనే ఆ కట్ట కోసం చెయ్యి చాపుతానేమో. ఈనాటికి మాత్రం ఆటబొమ్మ ఇస్తే ఆటబొమ్మ అని తెలుస్తుంది. ఉత్తుత్తి పని వద్దు, నిజమైన పని చిన్నదైనా ఇవ్వండి. కూరగాయల బిల్లులు తేదీల వరసలో పెట్టడం నాకు ఇచ్చారు, ఆ పని చేస్తున్నాను. తప్పులు ఉంటే మేనేజరు సరిచేసుకుంటారు, నా ఎదుట కాదు.

చుట్టపుచూపుగా వచ్చేవారికి ఒక విన్నపం. “నేనెవరో చెప్పుకోండి చూద్దాం” అని దయచేసి అడగకండి. మన ఇళ్ళలో ఇది ముద్దుగా అడుగుతారు. అది పరీక్ష, రోజుకు నాలుగుసార్లు పెడతారు, తప్పినప్పుడల్లా అడిగినవారి ముఖం వాడిపోవడం మాకు కనిపిస్తుంది. “నేను ఫలానా, మీ రెండో బావమరిది కొడుకుని” అని చెప్పుకుంటూ లోపలికి వస్తే ఎంత హాయిగా ఉంటుందో. నా ఎదుటే “ఈయనకు నిన్న విరేచనం అయిందా” అని ఇంకొకరిని అడగడం కూడా మానాలి.

పైన భాష మాట కూడా వచ్చింది. హైదరాబాదులో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించింది. నాకు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చు, అయినా వచ్చింది. అవే లేకపోతే 70కి ముందే వచ్చేదని మా డాక్టరు ఓదారుస్తారు. వాటిలో ఇంగ్లీషు ఇప్పటికే మొరాయిస్తోంది.

చివరగా కాగితాలు. రోగికి తెలివి ఉన్నప్పుడు రాయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఆయన మతి స్థిమితం కోల్పోగానే చెల్లదు. మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను అదే చెబుతుంది. చాలామంది దానిని నమ్ముకుని కూర్చుంటారు. నేను బ్యాంకు ఖాతాలో కొడుకు పేరు చేర్చాను, డాక్టరు సర్టిఫికెట్ జతపరిచి వీలునామా రాశాను, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద నా తరఫున మాట్లాడవలసినది మా మేనకోడలని సాదా కాగితం మీద రాసి సంతకం చేశాను. ఆ సంతకం బ్యాంకులో ఉన్న నమూనాతో ఇప్పుడు కలవడం లేదన్నది వేరే కథ. మీ అమ్మగారికి ఆ దశ దాటింది; తమ్ముడూ మీరూ ఒక లాయరును ఇప్పుడే అడగడం మంచిది. పెన్షను లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్రలు పడకపోతే జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి పెద్దల డిమెన్షియా వైద్యానికి లక్ష రూపాయల దాకా మినహాయింపు ఉంది, వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉందని స్పెషలిస్టు రాసి ఇవ్వాలి.

అబద్ధం సంగతి రాయడం మరిచాను, మేనకోడలు గుర్తు చేసింది. నాకు అబద్ధం చెప్పవద్దు. చెప్పేటప్పుడు అందరి గొంతూ ఒకేలా మెత్తబడుతుంది, దాంతో పట్టేస్తాను.

తెనాలి ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఆదివారాలు గడిచాక రాస్తున్నాను.

సిస్టర్ గారు చెప్పినట్టు గేటు దగ్గర కూర్చుని చూశాను. అయిదింటికి ఆఫీసులో ఇద్దరు అమ్మాయిలు, యోగా నేర్పే ఆవిడ సంచులతో వెళ్ళారు, అమ్మ చూపు వాళ్ళ సంచుల వెంటే వెళ్ళింది. మేనేజరుకు చెప్పాను. వెనుక గేటు లేదు కాని, వాళ్ళు సంచులు ముందుగానే వాచ్‌మన్ గదిలో పెట్టి ఉత్త చేతులతో వెళుతున్నారు. మందుల కాగితం కూడా అడిగి తీసుకున్నాను. డోనెపెజిల్ అనే అల్జీమర్స్ మందు, బీపీ మాత్ర తప్ప వేరే ఏవీ లేవు. మొదట మేనేజరు కొంచెం ముఖం ముడుచుకున్నారు.

పాత క్యాషియర్ గారూ, మీరు రాసినది చదివాక చిత్తు పేపర్లు తీసుకువెళ్ళడానికి చెయ్యి రాలేదు. అక్కడ వంట చేసే ఆమె కూతురు ఏడో తరగతి చదువుతోంది, బడి అయ్యాక తల్లి దగ్గరికే వస్తుంది. దాని లెక్కల నోటుబుక్కు అమ్మ ముందు పెట్టించాను. భిన్నాల కూడికల దగ్గర అమ్మ చాలాసేపు ఆగిపోయింది, ఒక తప్పు లెక్కకు టిక్కు పెట్టింది. ఆ తరువాత పిల్ల చెయ్యి పట్టుకుని, అంకెలు ఒకదాని కింద ఒకటి రావాలని గీత గీసి చూపించింది. పదిహేడో ఎక్కం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పించుకుంది. ఆ పిల్ల నాలుగింటికి వస్తోంది కనుక ఇప్పుడు చేతిసంచి ఆరింటికి గాని గుర్తురావడం లేదు.

గుర్తువచ్చాక గేటు దాకా వచ్చింది. నేను పక్కనే నిలబడి, ఇంట్లో ఎవరున్నారమ్మా అని అడిగాను. “పిల్ల ఒక్కతే ఉంటుంది. బడి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది” అంది.

ఆ పిల్లను నేనే. నాన్న క్యాంపులకు వెళ్ళేవారు, తమ్ముడు అప్పటికి పుట్టలేదు. బండి ఆలస్యమైన రోజుల్లో వీధి దీపం వెలిగేదాకా ఆ మెట్ల మీద కూర్చునేదాన్ని. ఎదురింటి అత్తయ్యగారు పిలిచి పప్పన్నం పెట్టేవారు, చాపమీద అక్కడే నిద్రపోయేదాన్ని. కనుక ఉన్నదే చెప్పాను. “ఎదురింటి అత్తయ్యగారు పిల్లకు అన్నం పెట్టారమ్మా, తిని పడుకుంది” అన్నాను. నా గొంతు మెత్తబడలేదనే అనుకుంటున్నాను. “ఏం వేసి పెట్టింది?” అని అడిగింది. పప్పు, వంకాయ కూర అన్నాను. “వంకాయ తినదే అది” అని సంచి కుర్చీలో పెట్టింది. నేను ఇప్పటికీ తినను.

సంక్రాంతికి ఇంటికి తీసుకురావడం లేదు. భోగి నాడు పొద్దున్నే మేమే వెళ్ళి, నాలుగింటిలోగా వచ్చేస్తాము. తమ్ముడు అలిగాడు, తరువాత ఓరుగల్లు సోదరుడు రాసినది చదివించాను. వీడియో కాల్‌లో ముందుగా తన పేరు చెప్పుకుంటానన్నాడు. వేపచెట్టు మాట మాత్రం నన్ను వదలడం లేదు. తెనాలి ఇల్లు కొన్నవారిని అడిగి, వేసవిలో ఒక పగటిపూట కారులో తీసుకువెళ్ళి మెట్ల దగ్గర కాసేపు నిలబెట్టవచ్చా అని ఆలోచిస్తున్నాను.

పాత తాళంచెవి ఒకటి నా అలమరలో ఉంది, పోయిన ఆదివారం అమ్మ సంచిలో వేశాను. ఇనప వస్తువు కనుక రిజిస్టరులో రాయాలని ఆ హోంలోని సిస్టరు అన్నారు, రాయించి సంతకం పెట్టాను.